దావత్‌లో పేదవాడి వాటా

 

నికాహ్ అయినా, వలీమా అయినా, అఖీఖా అయినా మన దస్తర్‌ఖాన్ నిండుగా ఉండాలని కోరుకుంటాం. అతిథి ఆకలితో వెళ్లకూడదని బావర్చీకి అవసరానికి మించి లెక్క చెబుతాం. ఆ ఉద్దేశం మంచిదే. కానీ అర్ధరాత్రి ఫంక్షన్ హాల్ ఖాళీ అయ్యాక దేగ్‌లో మిగిలిన బగారా అన్నం ఏమవుతోంది? అదే రాత్రి ప్రభుత్వ ఆసుపత్రి వరండాలో రోగికి తోడుగా వచ్చినవారు ఏం తిని పడుకుంటున్నారు? ఈ రెండు ప్రశ్నలకూ ఒకే జవాబు ఉంది.

తినడానికీ తాగడానికీ అనుమతిస్తూనే మితిమీరడాన్ని దివ్య ఖుర్ఆన్ (7:31) నిషేధించింది. ధనికులను పిలిచి పేదలను విడిచిపెట్టే వలీమా విందును దైవప్రవక్త ముహమ్మద్ (స) భోజనాలన్నిటిలో చెడ్డదిగా పేర్కొన్నారు. అంటే పేదవాడు మన దావత్‌లో మిగిలేదాని కోసం ఎదురుచూసేవాడు కాదు, పిలవవలసిన అతిథి. అల్-బఖరా సూరా (2:267)లో మరో హెచ్చరిక ఉంది: ఎవరైనా మనకే ఇస్తే కళ్లు మూసుకుని తప్ప తీసుకోలేని దాన్ని దానానికి ఎంచుకోకూడదు. మిగిలిన భోజనం ఇచ్చేటప్పుడు ఇదే మనకు కొలబద్ద.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచవ్యాప్తంగా 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో సగానికి పైగా ఇళ్లలోనే. ఈ దుబారా ఎక్కడో కాదు, మన ఇంటి నుంచే మొదలవుతోంది.

మంచి ఉదాహరణ కూడా దగ్గర్లోనే ఉంది. చిన్నతనంలో ఆకలిని చూసిన అజహర్ మక్సూసీ 2012 నుంచి హైదరాబాద్ దబీర్‌పురా ఫ్లైఓవర్ కింద ఆకలిగొన్నవారికి భోజనం పెడుతున్నారు. వచ్చినవారి మతం అడగరు. అక్కడ వడ్డించేది మిగిలిన అన్నం కాదు, వారి కోసమే వండిన అన్నం. మనం నేర్చుకోవలసింది ఈ గౌరవాన్నే.

భోజనం మిగిలాక రాత్రి పన్నెండు గంటలకు వాలంటీర్లకు ఫోన్ చేయడం మనలో చాలామందికి అలవాటు. అప్పటికి అన్నం వండి ఐదారు గంటలు దాటి ఉంటుంది. చల్లారిన అన్నంలో కొన్ని సూక్ష్మజీవులు పెరిగి విషాన్ని వదులుతాయి. వాసన రాకపోవచ్చు, మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. అలాంటి భోజనాన్ని వద్దని చెప్పడం కూడా సేవే. పుణ్యం అనుకుని ఇచ్చింది పసిబిడ్డను ఆసుపత్రి పాలు చేస్తే ఆ భారం ఎవరిది? మిగులు ఆహార పంపిణీకి మన దేశంలో ఆహార భద్రతా సంస్థ (ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ) 2019లో ప్రత్యేక నిబంధనలు తెచ్చింది, అవి 2020 జులై 1 నుంచి అమలులోకి వచ్చాయి.

కాబట్టి దావత్ పెట్టేవారు ఈ పద్ధతి పాటించాలి:

1. వాలంటీర్లకు తేదీ, సమయం రెండు రోజుల ముందే చెప్పండి.
2. వడ్డన మొదలుకాకముందే పేదల వాటాను శుభ్రమైన మూత పాత్రల్లోకి తీయించండి. ఐదు వందల మందికి వండిస్తే యాభై మంది వాటా వారిదే అనుకోండి.
3. భోజనం 60 డిగ్రీలకు తగ్గని వేడితో ఉండాలి. చల్లారి రెండు గంటలు దాటితే పంచవద్దు.
4. అతిథుల పళ్లేల్లో మిగిలింది ఎవరికీ ఇవ్వకండి.
5. ఏ మాంసమో, ఎప్పుడు వండారో పాత్రపై రాయండి. శాకాహారం వేరుగా ఉంచండి. తీసుకునేవారి ఆచారాన్ని గౌరవించడం మన బాధ్యత.
6. ఫొటోలు తీయకండి. అన్నం పెట్టి ప్రతిఫలం గానీ కృతజ్ఞత గానీ ఆశించనివారిని ఖుర్ఆన్ (76:8-9) ప్రశంసించింది.

2016 అక్టోబర్ 11న మన మూడు జిల్లాలూ ఏర్పడ్డాక జిల్లా కేంద్రాలకు ఆఫీసు పనుల మీద, వైద్యం కోసం వచ్చే పల్లెజనం పెరిగారు. జనగామ, మహబూబాబాద్‌లలో రైల్వే స్టేషన్లు, ఆసుపత్రుల దగ్గర, భూపాలపల్లిలో కూలీల అడ్డాల దగ్గర వండిన భోజనం అరగంటలో అందించవచ్చు. ఆసుపత్రిలో తోడు వచ్చినవారికే ఇవ్వాలి, రోగికి డాక్టర్ అనుమతి ఉంటేనే. దూరపు తండాలకు, అడవి పల్లెలకు వండిన అన్నం చేరేసరికి ఆలస్యమవుతుంది. అక్కడికి బియ్యం, పప్పు, నూనె పంపడమే మేలు.

దాతలారా! ఈ పనికి డబ్బు ఒక్కటే చాలదు. వేడి నిలిపే పాత్రలు కొనివ్వవచ్చు, ఆటో ఖర్చు భరించవచ్చు, నెలకు ఒక రాత్రి స్వయంగా వడ్డించవచ్చు. ఈ ఏడాది మీ ఇంట్లో శుభకార్యం ఉంటే అతిథుల జాబితాలో మొదటి వరుస ఖాళీగా ఉంచండి. పేరు తెలియని ఆ అతిథుల కోసం.

అల్లాహ్ మన దస్తర్‌ఖాన్‌లలో బర్కత్ ప్రసాదించుగాక, దుబారా నుంచి మనల్ని కాపాడుగాక. ఆమీన్.