విజ్ఞానం: వెల - విలువ

విద్యను ధనంతో పోల్చడం భారతీయ సాహిత్యంలో అనాదిగా వస్తున్న సంప్రదాయం. ఆ పోలిక చేసిన కవులు అందులోని తేడాను కూడా వెంటనే చెప్పారు. ధనం పంచితే తరుగుతుంది. విద్య పంచితే పెరుగుతుంది. తరచుగా వినడం వల్ల ఇది కేవలం నీతివాక్యంగా తోస్తుంది గాని, ఆధునిక ఆర్థికశాస్త్రం కూడా దీన్ని అంగీకరించింది. బస్తా బియ్యాన్ని ఒక కుటుంబం తింటే అవే బియ్యం మరొక కుటుంబానికి మిగలవు. ఒక మందును తయారుచేసే పద్ధతి అటువంటిది కాదు. దాన్ని వేయిమంది నేర్చుకున్నా మొదట తెలిసినవానికి ఏమీ తక్కువ కాదు.

చిక్కంతా ఇక్కడే ఉంది. తరగని వస్తువుకు ధర నిర్ణయించడం ఎలా? సంతలో కొరత ఉన్న వస్తువుకే ధర పలుకుతుంది. కనుక విజ్ఞానానికి ధర రావాలంటే ముందు దాని చుట్టూ కంచె కట్టాలి. ఆ కంచెలలో ముఖ్యమైనది పేటెంటు. కొత్త విషయాన్ని కనుగొన్నవారు దాని వివరాలను లోకానికి వెల్లడించాలి; ప్రతిఫలంగా ప్రభుత్వం వారికి కొంతకాలం, నేటి చట్టం ప్రకారం 20 ఏళ్లపాటు, దానిపై ప్రత్యేక హక్కు ఇస్తుంది. వినడానికి న్యాయమైన ఒప్పందమే. కాని కంచె ఎంత ఎత్తున ఉండాలి, దాని అవతల ఎవరు నిలిచిపోతారు అన్న ప్రశ్నలు ఔషధరంగంలో ప్రాణాలతో ముడిపడి ఉన్నాయి.

ఈ సందర్భంలో మొదట స్మరించవలసిన తెలుగువాడు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో జన్మించిన ఆయన మద్రాసులో వైద్యవిద్య అభ్యసించి, అమెరికా వెళ్లి పరిశోధకుడిగా స్థిరపడ్డారు. ఆయన సోదరులను బలిగొన్నది స్ప్రూ అనే వ్యాధి. అప్పట్లో దానికి సరైన చికిత్స లేదు. తరువాతి కాలంలో ఆయన నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాల శాస్త్రజ్ఞులు కృత్రిమంగా తయారుచేసిన ఫోలిక్ ఆమ్లం ఆ వ్యాధికి ఔషధమైంది. ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి, దాని పనిని అడ్డుకొనే పదార్థాలను కూడా ఆ బృందం రూపొందించింది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌తో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ సోకిన పసిపిల్లలకు చికిత్స చేసి, ఆ ఫలితాలను 1948లో ప్రకటించారు. పిల్లలకు కలిగిన ఉపశమనం తాత్కాలికమే. అయినా ఆ వ్యాధి ఔషధానికి లొంగగలదని వైద్యలోకానికి ఆశ కలిగింది. ఆ కోవకే చెందిన మెథోట్రెక్సేట్ క్యాన్సర్, కీళ్లవాత చికిత్సలలో నేటికీ వాడుకలో ఉంది. అదే సంవత్సరం ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. తన పేరును ముందుకు తెచ్చుకోవడంపై ఆయనకు ఆసక్తి ఉండేది కాదు. అందువల్లనే కాబోలు, ఆ మందులను వాడినవారిలో చాలామందికి ఆయన ఎవరో తెలియదు.

ఆనాటికి భారతదేశంలో అమలులో ఉన్నది 1911 నాటి బ్రిటిషు పాలనలోని పేటెంటు చట్టం. ఔషధ వ్యాపారం చాలావరకు విదేశీ కంపెనీల చేతుల్లో ఉండేది. ధరలు సామాన్యులకు అందేవి కావు. జస్టిస్ ఎన్. రాజగోపాల అయ్యంగార్ 1959లో సమర్పించిన నివేదికను ఆధారం చేసుకొని 1970లో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. 1972లో అది అమలులోకి వచ్చింది. దాని ప్రకారం మందుకు పేటెంటు లేదు, మందును తయారుచేసే పద్ధతికి మాత్రమే ఉంది. అదే మందును వేరే మార్గంలో తయారుచేయగలిగినవారికి అడ్డు లేదు.

చట్టం దారి తెరుస్తుంది గాని మందు తయారుచేయదు. అందుకు పని తెలిసినవారు కావాలి. 1961లో కేంద్ర ప్రభుత్వం నెలకొల్పిన ఐ.డి.పి.ఎల్. సంస్థ సోవియట్ యూనియన్ సహకారంతో హైదరాబాదులో పెద్ద కర్మాగారాన్ని నిర్మించింది. ఏ రసాయనాన్ని ఎంత వేడిలో ఎంతసేపు ఉంచాలో, స్ఫటికాలు సరిగా కట్టాయో లేదో చూపుతోనే ఎలా గుర్తించాలో పుస్తకాలు పూర్తిగా చెప్పలేవు. అది పక్కనున్నవారిని చూసి, పొరపాట్లు చేసి, దిద్దుకొని నేర్వవలసిన విద్య. అలా నేర్చినవారిలో పలువురు తరువాత సొంత పరిశ్రమలు స్థాపించారు. 1984లో డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్‌ను ప్రారంభించిన కల్లం అంజిరెడ్డి అక్కడ పనిచేసినవారే. ఐ.డి.పి.ఎల్. మాత్రం నష్టాలపాలై 1990లలో ఖాయిలా పడింది. జమాఖర్చులలో చూస్తే అదొక వైఫల్యం. అక్కడి ఉద్యోగులు తమ వెంట తీసుకుపోయిన నేర్పును, దానివల్ల హైదరాబాదు పరిసరాల్లో పెరిగిన ఔషధ పరిశ్రమను ఏ పద్దులో రాయాలి? ఆ పరిశ్రమల వ్యర్థాలు పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతాల నీటిని పాడుచేశాయన్నది కూడా దాచరాని నిజం. ఆ నష్టానికీ జమాఖర్చులలో చోటు దొరకలేదు.

1970 చట్టం నీడలో పెరిగిన ఈ నేర్పు ఏపాటిదో 2001లో ప్రపంచం చూసింది. ఎయిడ్స్ రోగి వాడవలసిన మూడు మందులకు ఏడాదికి 10,000 నుంచి 15,000 డాలర్లు ఖర్చయ్యే ఆ రోజుల్లో, ముంబయికి చెందిన సిప్లా సంస్థ అవే మందులను 350 డాలర్లకు ఇస్తామని ఒక అంతర్జాతీయ వైద్య సేవాసంస్థకు తెలిపింది. ఆఫ్రికాలో చికిత్సపై ఆశ వదులుకున్న లక్షలమందికి అది కొత్త దారి చూపింది.

ప్రపంచ వాణిజ్య సంస్థ నిబంధనలకు లోబడి 2005లో భారతదేశం తన చట్టాన్ని సవరించి, మందులకే పేటెంటు ఇవ్వడం మొదలుపెట్టింది. అయినా రెండు తలుపులు మూయలేదు. చికిత్సాగుణం పెరగకుండా పాత మందులో చేసిన చిన్నపాటి మార్పుకు పేటెంటు ఇవ్వనవసరం లేదన్నది ఒకటి. గ్లీవెక్ అనే క్యాన్సర్ మందు విషయంలో 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుకు ఇదే ఆధారం. ప్రజలకు తగిన ధరలో దొరకని మందును తయారుచేసేందుకు ఇతరులకు అనుమతి ఇవ్వవచ్చునన్నది రెండవది. 2012 మార్చిలో హైదరాబాదుకు చెందిన నాట్కో సంస్థకు సోరాఫెనిబ్ విషయంలో ఇటువంటి అనుమతి లభించింది. కాలేయ, మూత్రపిండాల క్యాన్సర్లకు వాడే ఆ మందుకు అప్పటివరకు నెలకు సుమారు 2,80,000 రూపాయలు. నాట్కోకు నిర్ణయించిన ధర 8,880 రూపాయలు. పేటెంటుదారు అయిన బేయర్ సంస్థకు అమ్మకాలలో కొంత శాతం చెల్లించాలని కూడా ఆ ఉత్తర్వు నిర్దేశించింది.

కంచెను పూర్తిగా తొలగించాలన్న వాదన కూడా నిలవదు. కొత్త మందు కోసం ఏళ్ల తరబడి చేసే ప్రయత్నాలలో ఎక్కువ భాగం విఫలమవుతాయి. ఆ ఖర్చు భరించినవారికి ఏమీ దక్కదంటే మరొకరు పూనుకోరు. తెలిసిన మందును చౌకగా తయారుచేయడంలో భారతదేశం చూపిన ప్రతిభ, కొత్తదాన్ని కనుగొనడంలో అంతగా కనిపించలేదన్న విమర్శలో నిజం ఉంది. అయితే లాభమే పరిశోధనకు ఏకైక ప్రేరణ అయినచోట, కొనగలిగినవారి రోగాలకే మందులు పుడతాయి.

గోదావరి జిల్లాలవారికి తరతరాలుగా తెలిసిన బోదకాలు బీదవారి రోగం. దానికి వాడే డైఇథైల్ కార్బమజీన్ అనే మందు కూడా 1940లలో సుబ్బారావు బృందం కృషి వల్లనే వెలువడింది. వ్యాధి ఉన్న జిల్లాలలో ఏడాదికొకసారి ఇంటింటికీ మాత్రలు ఉచితంగా పంచే కార్యక్రమాన్ని ప్రభుత్వం 2004లో చేపట్టింది. ఆ మాత్రలలో ఇదీ ఒకటి. ఆరోగ్య కార్యకర్తలు గుమ్మంలో నిలబడి, ఇంటిల్లిపాది చేతా తమ కళ్లెదుటే మాత్రలు మింగించి, వేలికి సిరా గుర్తు పెట్టి పక్కింటికి వెళ్తారు.