ఉంగరపు వజ్రం: తూకమా, స్వచ్ఛతా?

వజ్రపుటుంగరం కొనవచ్చిన ఖాతాదారు సాధారణంగా అడిగే మొదటి మాట “రాయి ఎన్ని సెంట్లు?” అని. రెండవది “దోషమేమీ లేదు కదా?” అని. ఈ రెంటికీ ఒకే సొమ్ములో సమాధానం చెప్పవలసి రావడమే వర్తకునికి ఎదురయ్యే చిక్కు. మొత్తం ఒకటే అయినప్పుడు తూకం హెచ్చితే స్వచ్ఛత తగ్గాలి, స్వచ్ఛత హెచ్చితే తూకం తగ్గాలి. దేనిని ఎంతవరకు వదులుకోవచ్చునో తెలిసి చెప్పిన వర్తకుని వద్దకే ఖాతాదారు మళ్ళీ వస్తాడు. తెలియక చెప్పినా, తెలిసి దాచినా, ఆ ఉంగరం మార్పిడికి వచ్చిననాడు కొట్టు పరువు పోతుంది.

తూకం వేరు, వెడల్పు వేరు

వజ్రాన్ని తూచే కారట్ 200 మిల్లీగ్రాములు. అందులో నూరవ వంతు సెంటు. ధర కట్టేది తూకం మీద. కాగా, ఉంగరంలో కంటికి ఆనేది రాయి పైముఖపు వెడల్పు. ఈ రెండూ ఒకే పాళ్ళలో పెరగవు. సక్రమంగా సానపట్టిన గుండ్రని రాయి 25 సెంట్లయితే వెడల్పు సుమారు 4.1 మిల్లీమీటర్లు, 50 సెంట్లయితే 5.1, కారట్ అయితే 6.5 వరకు ఉంటుంది. అంటే తూకం రెట్టింపయినా వెడల్పు పెరిగేది ఇంచుమించు నాలుగో వంతే.

ధర మాత్రం తూకాన్ని మించి పెరుగుతుంది. పెద్ద రాళ్ళు అరుదు కనుక సెంట్లు పెరిగిన కొద్దీ కారట్ రేటే పెరుగుతుంది. పైగా రేట్ల జాబితాలు 50, 70, 90 సెంట్లు, కారట్, కారట్టున్నర అని మెట్లుగా ఉంటాయి. మెట్టు దాటగానే రాయి మొత్తానికీ కొత్త రేటు పడుతుంది.

లెక్క కోసం 90 సెంట్ల మెట్టులో కారట్ రేటు 100 అనీ, కారట్ మెట్టులో 120 అనీ అనుకుందాం. 95 సెంట్ల రాయి ఖరీదు 95 అవుతుంది. కారట్ రాయి ఖరీదు 120. ఐదు సెంట్ల తూకానికి హెచ్చుగా ఇచ్చినది 25. వెడల్పులో వచ్చిన తేడా మిల్లీమీటరులో పదో వంతు. వేలి మీద చూసి ఆ తేడా చెప్పగలవారు ఉండరు. కాబట్టి సైజు చాలడం లేదని స్వచ్ఛతను తగ్గించే ముందు మెట్టుకు కాస్త దిగువనున్న రాళ్ళు చూపడం లాభదాయకం.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. కారట్ మార్కు అందుకోవడానికి కొన్ని రాళ్ళను కింది భాగం లావుగా ఉంచి సానపడతారు. అటువంటి కారట్ రాయి వెడల్పు 6.1 మిల్లీమీటర్లే ఉండవచ్చు. మిగిలిన తూకం ఉంగరం పొదుగులో దాగిపోతుంది. వెలుగు కూడా పైకి తిరిగి రాక రాయి మందంగా కనిపిస్తుంది. త్రాసుతో పాటు వెడల్పు కొలిచే పరికరం కూడా బల్ల మీద ఉండాలనడం ఇందుకే.

దోషాల మెట్లు

మన రత్నశాస్త్రాలు వజ్రానికి మలం, బిందువు, యవం, రేఖ, కాకపాదం అని ఐదు దోషాలు చెప్పాయి. నేడు వ్యాపారంలో చెల్లుబాటవుతున్నది అమెరికాలోని జెమలాజికల్ ఇన్‌స్టిట్యూట్ (జి.ఐ.ఎ.) 1950 దశకంలో ప్రవేశపెట్టిన తరగతుల పద్ధతి. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం కింద రాయిని పరీక్షించి, 11 తరగతులలో ఒకటి నిర్ణయిస్తారు.

అన్నిటికన్నా పైన దోషరహితమైనవి. తర్వాతి వి.వి.ఎస్. రాళ్ళలో లోపాన్ని శిక్షణ పొందిన కన్ను కూడా అద్దంలో కష్టం మీద పట్టాలి. వి.ఎస్. రాళ్ళలో లోపాలు అద్దంలో కనిపించినా స్వల్పమైనవి. ఎస్.ఐ. రాళ్ళలో అద్దంలో తేలికగా కనిపిస్తాయి, వట్టి కంటికి తరచు కనిపించవు. ఐ తరగతిలో మాత్రం వట్టి కంటికే తెలుస్తాయి. అందులోనూ అట్టడుగు రాళ్ళలో గట్టిదనానికే ముప్పు రావచ్చు.

ఉంగరానికి అసలు హద్దు వట్టి కన్నే. ఆ హద్దుకు పైన స్వచ్ఛతకు పోసే ప్రతి రూపాయీ అద్దంలో కనిపిస్తుందే తప్ప వేలి మీద కనిపించదు. ఆ హద్దు దిగితే ఎంత పెద్ద రాయి అయినా లోపాన్ని పెద్దది చేసి చూపుతుంది.

అయితే తరగతి పేరు ఒక్కటే చాలదు. ఒకే ఎస్.ఐ. తరగతి రాళ్ళు రెండు తీసుకుంటే, ఒకదానిలో నల్లచుక్క పైముఖం నడుమ ఉండవచ్చు, మరొకదానిలో తెల్లని గీత అంచున ఉండి పొదుగు గోటి కింద దాగవచ్చు. రెండవదే కొనుగోలుకు మేలు. కాని ఆ గీత అంచును చీల్చుకుని బయటికి వచ్చిన పగులయితే గోరు బిగించేటప్పుడే రాయి పెచ్చు లేచే ప్రమాదం ఉంది.

గోల్కొండ పాఠం

ఈ తగవు కొత్తది కాదు. 17వ శతాబ్దంలో గోల్కొండ గనులు తిరిగిన ఫ్రెంచి వర్తకుడు టావర్నియే, మన సానపనివారి పద్ధతిని గ్రంథస్థం చేశాడు. రాయి స్వచ్ఛమైనదయితే తూకం పోతుందన్న భయంతో సానకు ఆనించి వదిలేవారట. చుక్కో మచ్చో ఉంటే మాత్రం అది కనిపించకుండా రాయి నిండా పలకలు తీర్చేవారట.

1665లో మొగలు దర్బారులో ఆయన చూసిన పెద్ద వజ్రం కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికినది. ముడి రాయి తూకం ఆయన లెక్కలో 787½ కారట్లు, లోపాలు అనేకం. సానపట్టడానికి ఒప్పుకున్న వెనిస్ పనివాడు ఓర్టెన్సియో బోర్జియో లోపాలు పోయేదాకా అరగదీశాడు. చివరకు మిగిలింది 280 కారట్లు. కూలి దక్కకపోగా పదివేల రూపాయల జరిమానా పడింది. స్వచ్ఛత కోసం ఎంత తూకం వదులుకోవాలో సొమ్ము పెట్టినవానితో ముందే తేల్చుకోవాలన్న పాఠం అందులో ఉంది. ఈనాటి కొట్టుకూ అది వర్తిస్తుంది.

ఏ రాయికి ఎంత

నిత్యం ధరించే ఉంగరంలో 50 సెంట్ల లోపు గుండ్రని రాయికి వి.ఎస్. చివరి మెట్టు గాని, వట్టి కంటికి శుభ్రంగా ఉన్న ఎస్.ఐ. మొదటి మెట్టు గాని సరిపోతుంది. గుండ్రని రాయిలో పలకల తళుకు చిన్న లోపాలను కప్పుతుంది. కారట్, ఆపైన పైముఖం విశాలమవుతుంది కనుక వి.ఎస్. తరగతికి తగ్గకపోవడం మంచిది. ఎమరాల్డ్ కట్ అనే దీర్ఘచతురస్రపు రాయి కిటికీ వంటిది. దానిలో చుక్క దాగదు. అక్కడ సైజు తగ్గించయినా స్వచ్ఛత నిలపాలి.

దక్షిణాదిలో వి.వి.ఎస్., వి.ఎస్. రాళ్ళకు గిరాకీ హెచ్చన్నది వర్తకులకు తెలిసిన విషయమే. దోషమున్న రాయి ఇంటికి అచ్చిరాదన్న నమ్మకం ఇందుకు ఒక కారణం. అటువంటి కుటుంబానికి ఎస్.ఐ. రాయి ఎంత పెద్దదిచ్చినా తృప్తి ఉండదు. వారికి చిన్నదయినా వి.వి.ఎస్. ఇవ్వడమే న్యాయం. భూతద్దం ఇచ్చి స్వయంగా చూసుకోమనడం మరీ మంచిది.

బేరానికి ముందు తేల్చవలసినవి

కొన్ని రాళ్ళలో నల్లచుక్క వరకు లేసరుతో సన్నని రంధ్రం తొలిచి తెల్లబరుస్తారు. మరికొన్నిటిలో పగులును గాజు వంటి పదార్థంతో నింపుతారు. ఇలా నింపిన రాయి పెద్దదిగా, శుభ్రంగా, చౌకగా కనిపిస్తుంది. స్వర్ణకారుని మంట తగిలితే లోపలి పదార్థం చెడి పగులు బయటపడుతుంది. రాయిని అటూ ఇటూ వంచి చూసినప్పుడు పగులు వెంట ఊదా, నారింజ మెరుపు కనిపిస్తే అనుమానించాలి.

ప్రయోగశాలలో పెంచిన వజ్రాల సంగతి వేరు. అవి కూడా నిజమైన వజ్రాలే అయినా వాటిలో పెద్ద సైజూ, మంచి స్వచ్ఛతా రెండూ చౌకగా దొరుకుతాయి. వాటి ధరను గని వజ్రపు ధరతో పోల్చి బేరమాడరాదు. రాయి ఏ కోవదో బిల్లులో స్పష్టంగా రాయాలి.

పొదిగిన తర్వాత లోపాన్నీ, తూకాన్నీ నిక్కచ్చిగా తేల్చడం కష్టం. కనుక విడి రాయి చూపి, సర్టిఫికెట్టు సరిపోల్చి, ఆ తర్వాతనే పొదిగించడం ఉభయులకూ క్షేమం. మార్పిడికి వస్తే ఎంత తరుగుతో తీసుకుంటారో కూడా బిల్లు మీద ఉండాలి.

మొత్తం మీద సొమ్మును కేటాయించే వరుస ఇది: ముందు సాన, తర్వాత కంటికి శుభ్రత, ఆపైన రంగు, మిగిలినదంతా సైజుకు. ఖాతాదారుకు అద్దంలో స్వచ్ఛతే ముఖ్యమయితే ఆ మాట ముందే చెప్పించుకుని సెంట్లు తగ్గించాలి.