సారథ్య విద్య

ప్రవేశిక

యంత్రాన్ని వాడుకోవడం వేరు, దాని స్వభావం ఎరిగి నడపడం వేరు. గేర్లు గల కారును నడపడం నేర్చుకొనే క్రమాన్ని, ఆ క్రమంలో ఇమిడి ఉన్న శాస్త్రాన్ని, దానితోపాటు వచ్చే బాధ్యతను విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం. లైసెన్సు పొందే వయసుకు చేరువలో ఉన్నవారు స్టీరింగు పట్టడానికి ముందే తెలుసుకోవలసిన విషయాలు ఇందులో ఉన్నాయి.

పాఠ్యభాగం

మన ప్రాచీన సాహిత్యంలో సారథికి గౌరవప్రదమైన స్థానం ఉంది. భారతయుద్ధంలో శ్రీకృష్ణుడు అర్జునునికి సారథి అయినాడు. మద్రదేశాధీశుడైన శల్యుడు కర్ణునికి సారథ్యం వహించాడు. రథికుని గెలుపోటములు సారథి నేర్పుపైన కూడా ఆధారపడి ఉంటాయని ఆ కథలు చెప్పకనే చెబుతాయి. ఆరణ్యపర్వంలోని నలోపాఖ్యానం ఈ విషయంలో మరింత విశేషమైనది. రాజ్యం కోల్పోయి, బాహుకుడనే పేరుతో అయోధ్యలో ఋతుపర్ణ మహారాజు కొలువులో చేరిన నలుడు, ఆ రాజును ఒక్క పగటిలోనే విదర్భకు చేర్చాడు. అతనికి ఆ శక్తి ‘అశ్వహృదయం’ అనే విద్య వల్ల కలిగింది. కొరడా ఝళిపించి గుర్రాన్ని పరుగెత్తించడం చాలామందికి సాధ్యమే. దాని హృదయం ఎరిగి నడపగలవాడే నిజమైన సారథి అని ఆ విద్య పేరే తెలుపుతున్నది.

నేటి సారథి చేతిలో పగ్గాలకు బదులు స్టీరింగు, గేరు రాడ్డు ఉన్నాయి. కాళ్ల కింద క్లచ్, బ్రేకు, ఏక్సిలరేటర్ అనే మూడు పెడళ్లు ఎడమ నుండి కుడికి వరుసగా ఉన్నాయి. క్లచ్ ఎడమకాలి పని. మిగిలిన రెండూ కుడికాలి పని. గుర్రానికి బదులు ఇంజను ఉంది. దానికీ ఒక స్వభావం ఉంది. ఎద్దు గాని, గుర్రం గాని నిలుచున్న చోటినుండే బలం పుంజుకొని బండిని లాగగలదు. పెట్రోలు ఇంజనుకు ఆ గుణం లేదు. అది తిరుగుతూ ఉంటేనే బలాన్నిస్తుంది. బండి నిలిచి ఉండి, ఇంజను ఊరక తిరుగుతున్నప్పుడు కూడా నిమిషానికి సుమారు 700 నుండి 900 చుట్లు తిరుగుతుంది. ఆ వేళ చక్రం మాత్రం కదలకుండా ఉంటుంది. ఈ పరిస్థితిలో రెండు సమస్యలు ఎదురవుతాయి. నిలిచి ఉన్న బరువును కదిలించే బలం ఇంజనుకు ఎలా వస్తుంది? తిరుగుతున్న ఇంజనును తిరగని చక్రంతో ఎలా కలపాలి? మొదటి సమస్యకు గేర్లు, రెండవదానికి క్లచ్ పరిష్కారాలు.

గేర్ల అవసరం మోటారు వాహన చరిత్ర తొలినాళ్లలోనే తెలిసివచ్చింది. జర్మనీ దేశస్థుడైన కార్ల్ బెంజ్ తన మూడు చక్రాల మోటారు బండికి 1886లో పేటెంటు పొందాడు. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా బెంజ్ భర్తకు ముందుగా చెప్పకుండా, ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని, అటువంటి బండిలో మాన్‌హైమ్ నుండి ఫోర్ట్స్‌హైమ్‌కు సుమారు 100 కిలోమీటర్లు ప్రయాణించింది. ఎత్తు ప్రదేశాలు వచ్చినప్పుడు బండి ఎక్కలేకపోయింది. కుమారులు దిగి తోయవలసి వచ్చింది. దిగుడు దారుల్లో బ్రేకు దిమ్మలు అరిగిపోగా, చెప్పులు కుట్టేవాని చేత వాటికి తోలు వేయించింది. ఈ ప్రయాణానుభవం ఫలితంగానే బెంజ్ తన బండికి కొండలెక్కడానికి తగిన మరొక గేరును చేర్చాడు. ఎక్కడానికి తగిన బలం, దిగడానికి తగిన అదుపు కావాలని ఆమె ప్రయాణం లోకానికి చాటింది.

గేరు చేసే పనిని ఒక లెక్కతో గ్రహించవచ్చు. సాధారణమైన చిన్న కారులో మొదటి గేరు వేసినప్పుడు ఇంజను సుమారు 14 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. అయిదవ గేరులో ఇంజను సుమారు 3 చుట్లు తిరిగేసరికే చక్రం ఒక చుట్టు పూర్తిచేస్తుంది. వేగం తగ్గిన మేరకు లాగే బలం పెరుగుతుంది. బురదలో దిగబడిన ఎడ్లబండిని నలుగురు భుజాలానించి అంగుళం అంగుళంగా కదిలిస్తారు. గట్టినేల చేరిన తరువాత అదే బండి తేలికగా సాగిపోతుంది. మొదటి గేరు ఆ భుజబలం వంటిది. చివరి గేరు గట్టినేల మీది పరుగు వంటిది.

ఇక క్లచ్ విషయం. ఇంజనుతోపాటు తిరిగే బరువైన చక్రాన్ని ఫ్లైవీల్ అంటారు. దానిని ఆనుకొని, గేరు పెట్టెకు అనుసంధానమైన క్లచ్ ప్లేటు ఉంటుంది. బలమైన స్ప్రింగు ఈ రెంటినీ అదిమిపట్టి ఉంచుతుంది. పెడలు తొక్కితే ఆ పట్టు సడలి ప్లేటు విడివడుతుంది. వదిలితే మళ్లీ అతుక్కొంటుంది. ఈ రెండు స్థితులకు నడుమ మూడవ స్థితి ఒకటి ఉన్నది. అందులో ప్లేటు పూర్తిగా విడివడదు, పూర్తిగా అతుక్కోదు. జారుతూ, రాసుకొంటూ ఇంజను బలాన్ని కొద్దికొద్దిగా చక్రానికి అందిస్తుంది. దీనినే వాడుకలో ‘హాఫ్ క్లచ్’ అంటారు. కారు నేర్చుకోవడంలో అసలు కిటుకంతా ఇక్కడే ఉంది.

అనుభవజ్ఞులైన శిక్షకులు అభ్యాసకులను మొదట చదునైన మైదానానికి తీసుకొనిపోతారు. కొంతసేపు ఏక్సిలరేటర్ జోలికే పోనీయరు. క్లచ్ పూర్తిగా తొక్కి, మొదటి గేరు వేసి, హ్యాండ్ బ్రేకు దించి, క్లచ్‌ను మెల్లమెల్లగా వదలమంటారు. ఒకచోట ఇంజను శబ్దం మందగిస్తుంది. బండి సన్నగా వణుకుతుంది. పాదాన్ని అక్కడే నిలిపితే కారు నెమ్మదిగా కదులుతుంది. ఆ చోటు ఎక్కడ ఉన్నదో మాటలతో చెప్పడం కష్టం. ప్రతి కారులోనూ అది ఒకేచోట ఉండదు. చెవి విని, పాదం పసిగట్టి, పదేపదే చేసి తెలుసుకోవలసిందే.

తొందరపడి క్లచ్‌ను ఒక్కసారిగా వదిలితే బండి ముందుకు దూకి, ఇంజను ఆగిపోతుంది. నిలిచి ఉన్న బండి బరువంతా ఒక్క క్షణంలో మీదపడటంతో ఇంజను తన కనీసపు వేగాన్ని నిలుపుకోలేకపోవడమే ఇందుకు కారణం. ఈ కారణం తెలియని అభ్యాసకులు సిగ్గుపడి, కంగారుపడి, మళ్లీ అదే తప్పు చేస్తారు. తెలిసినవారు క్లచ్ తొక్కి, బండిని తిరిగి స్టార్టు చేసి, ఈసారి పాదాన్ని మరికొంత నెమ్మదిగా లేపుతారు. అలాగని మితిమీరిన నెమ్మది కూడా పనికిరాదు. హాఫ్ క్లచ్‌లో ప్లేటు రాపిడికి వేడెక్కుతుంది. అదేపనిగా అలాగే ఉంచితే కాలిన వాసన వస్తుంది, ప్లేటు త్వరగా అరిగిపోతుంది. క్లచ్ పెడలు మీద ఎడమకాలు ఆనించి నడిపే అలవాటు చెడ్డదనడానికి హేతువు ఇదే.

బండి కదిలిన తరువాత గేర్లు మార్చడం వస్తుంది. ఏక్సిలరేటర్ వదలడం, క్లచ్ తొక్కడం, న్యూట్రల్ మీదుగా గేరు మార్చడం, క్లచ్ వదులుతూ తిరిగి ఏక్సిలరేటర్ ఇవ్వడం అనే నాలుగు పనులు క్రమం తప్పక జరగాలి. వేర్వేరు వేగాలతో తిరిగే పళ్లచక్రాలను సమవేగానికి తెచ్చి కలిపే సింక్రోమెష్ పద్ధతి 1928లో కాడిలాక్ కార్లలో వచ్చింది. అది లేని పాత లారీల డ్రైవర్లు న్యూట్రల్‌లో ఒకసారి క్లచ్ వదిలి, మళ్లీ తొక్కి గేరు వేసేవారు. దీనిని డబుల్ క్లచ్ అనేవారు. శబ్దాన్ని బట్టి ఇంజను స్థితిని గుర్తించే ఆ డ్రైవర్ల నేర్పు నలుని అశ్వహృదయానికి ఏమంత దూరమైనది కాదు.

అభ్యాసకులకు అసలైన పరీక్ష ఎత్తుపల్లాలలో ఎదురవుతుంది. ఎత్తులో ఆగిన కారును కదిలించేటప్పుడు హ్యాండ్ బ్రేకు వేసి ఉంచి, హాఫ్ క్లచ్ అందిన తరువాత కొంచెం ఏక్సిలరేటర్ ఇస్తూ బ్రేకు దించాలి. లేకుంటే కారు వెనుకకు జారి, వెనుకనున్న వాహనాన్నో, మనిషినో తాకుతుంది. దిగుడులో ప్రమాదం మరో విధమైనది. తిరుమల రెండు ఘాట్ రోడ్లలో ఒకటి ఎక్కడానికి, 1944లో ప్రారంభమైన పాత దారి దిగడానికి వినియోగంలో ఉన్నాయి. అటువంటి దారిలో బ్రేకు మీదనే ఆధారపడితే అది వేడెక్కి పట్టు కోల్పోతుంది. తక్కువ గేరులో ఉంచి ఏక్సిలరేటర్ వదిలితే ఇంజనే బండి వేగాన్ని అదుపుచేస్తుంది. ఎక్కడానికి ఏ గేరు అవసరమో దిగడానికీ అదే గేరు అని ఘాట్ డ్రైవర్లు చెప్పే సూత్రంలోని అంతరార్థం ఇదే.

పెట్రోలు ఆదా అవుతుందనే భ్రమతో దిగుడులో న్యూట్రల్ వేసేవారున్నారు. నేటి ఇంజన్లలో గేరులో ఉండగా ఏక్సిలరేటర్ వదిలి దిగితే ఇంధన సరఫరా దాదాపు నిలిచిపోతుంది. కనుక న్యూట్రల్ వల్ల ఆదా లేదు, ఇంజను ఇచ్చే అదుపు మాత్రం పోతుంది. ఇంజనును పూర్తిగా ఆపివేయడం మరింత ప్రమాదకరం. అప్పుడు బ్రేకుకు, పవర్ స్టీరింగుకు ఇంజను వల్ల కలిగే సహాయం కూడా లభించదు.

ఇన్ని మెలకువలు నేర్వడం దేనికి అనే ప్రశ్నకు చిన్న లెక్క సమాధానం చెబుతుంది. గంటకు 36 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఒక్క సెకనులో 10 మీటర్లు ముందుకు సాగుతుంది. గేరు ఎక్కడుందో చూడడానికి రెండు సెకన్లు తల వంచితే 20 మీటర్ల దూరాన్ని కళ్లు మూసుకొని నడిపినట్లే. ఆ 20 మీటర్లలో రోడ్డు దాటే ముసలివారు ఉండవచ్చు, బడి నుండి వచ్చే పిల్లలు ఉండవచ్చు. చేతులకు, కాళ్లకు గేరు పని అలవాటుగా మారితేనే కళ్లు, మనసు రోడ్డుకు అంకితమవుతాయి. గేరు మార్చడం నేర్చుకోవడానికి పరమార్థం దానిని గురించి ఆలోచించకుండానే చేయగలగడం.

మోటారు వాహనాల చట్టంలోని నియమాలను ఈ దృష్టితో చూడాలి. 1988 నాటి ఈ చట్టం ప్రకారం కారు నడపడానికి 18 సంవత్సరాలు నిండాలి. మొదట ఎల్.ఎల్.ఆర్. తీసుకోవాలి. దాని గడువు ఆరు నెలలు. అది పొందిన 30 రోజుల తరువాతనే డ్రైవింగు పరీక్షకు హాజరు కావచ్చు. అభ్యాస కాలంలో కారుకు ముందు, వెనుక తెల్లని పలక మీద ఎర్రని ‘ఎల్’ అక్షరం ఉండాలి. లైసెన్సు గల శిక్షకుడు, అవసరమైతే బండిని ఆపగలిగే విధంగా, పక్కన కూర్చోవాలి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళి పరీక్షాంశాలలో ఎత్తులో ఆగిన బండిని వెనుకకు జారకుండా కదిలించడం, దిగుడులో త్వరగా తక్కువ గేరుకు మారడం కూడా ఉన్నాయి.

18 ఏళ్లు నిండని పిల్లలు వాహనం నడిపి నేరానికి పాల్పడితే, 2019 సవరణ ప్రకారం సంరక్షకుడు లేదా వాహన యజమాని శిక్షార్హుడు. తనకు తెలియకుండా జరిగిందని, లేదా నివారణకు తగిన జాగ్రత్త వహించానని నిరూపించుకోలేకపోతే అతనికి మూడేళ్ల వరకు జైలుశిక్ష, 25,000 రూపాయల జరిమానా విధించవచ్చు. వాహనం రిజిస్ట్రేషను 12 నెలలు రద్దవుతుంది. నడిపిన బాలునికి లేదా బాలికకు 25 ఏళ్లు నిండే వరకు లైసెన్సు పొందే అర్హత ఉండదు. సరదాగా తిప్పిన పది నిమిషాలకు తల్లిదండ్రులు జవాబు చెప్పవలసి వస్తుందని విద్యార్థులు గుర్తించాలి.

గేర్లు తమంతట తామే మారే కార్లు నేడు మన దేశంలో పెరుగుతున్నాయి. విద్యుత్తుతో నడిచే కార్లలో క్లచ్ పెడలే ఉండదు. ఆ మోటారు నిలిచిన స్థితి నుండే పూర్తి బలాన్ని ఇవ్వగలదు కనుక దానికి ఆ అవసరం లేదు. అయినా నేటికీ మన రోడ్లపై తిరిగే కార్లు, లారీలు, బస్సులలో ఎక్కువ భాగం గేర్లు మార్చి నడపవలసినవే. రేపు క్లచ్ కనుమరుగైనా, ఎక్కుడులో ఓర్పు, దిగుడులో అదుపు, రోడ్డు మీద దృష్టి అనే మూడు గుణాలు సారథికి అవసరమవుతూనే ఉంటాయి. గేర్లు గల కారు వాటిని మొదటిరోజు నుండే నేర్పుతుంది.

కఠిన పదాలు – అర్థాలు

రథికుడు : రథంపై ఉండి యుద్ధం చేసేవాడు
కొలువు : ఉద్యోగం, సేవ
కిటుకు : మెలకువ, ఉపాయం
హేతువు : కారణం
అనుసంధానం : కలయిక, జోడింపు
అంతరార్థం : లోపలి భావం
పరమార్థం : ముఖ్య ప్రయోజనం

అభ్యాసం

I. ఈ క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు వ్రాయండి.
1. ఇంజను స్వభావాన్ని, గేర్లు, క్లచ్ చేసే పనిని వివరించండి.
2. ‘గేర్లు గల కారు నేర్చుకోవడం యంత్రజ్ఞానంతోపాటు బాధ్యతను నేర్పుతుంది’ – చర్చించండి.

II. సంగ్రహంగా సమాధానాలు వ్రాయండి.
1. బెర్తా బెంజ్ ప్రయాణం వల్ల తెలిసివచ్చిన విషయాలేవి?
2. దిగుడులో న్యూట్రల్ వేయడం ఎందుకు ప్రమాదకరం?
3. 18 ఏళ్లు నిండని పిల్లలు వాహనం నడిపితే కలిగే పరిణామాలేవి?

III. సందర్భసహిత వ్యాఖ్యలు వ్రాయండి.
1. దాని హృదయం ఎరిగి నడపగలవాడే నిజమైన సారథి.
2. ఎక్కడానికి ఏ గేరు అవసరమో దిగడానికీ అదే గేరు.

IV. సంధులు
1. మద్రదేశాధీశుడు = మద్రదేశ + అధీశుడు : సవర్ణదీర్ఘ సంధి
2. నలోపాఖ్యానం = నల + ఉపాఖ్యానం : గుణసంధి

V. సమాసాలు
1. గెలుపోటములు : గెలుపును, ఓటమియును – ద్వంద్వ సమాసం
2. అశ్వహృదయం : అశ్వముల యొక్క హృదయం – షష్ఠీ తత్పురుష సమాసం