నిరాశ్రయుల వసతి – పన్నుదారుల ప్రశ్న

పగలంతా మూటలు మోసి రాత్రి మూసిన దుకాణపు అరుగుపై నిద్రించే కూలీకి ప్రజాధనంతో వసతి కల్పించడం న్యాయమేనా? తమ వీధిలో మురుగు కాలువే బాగుపడనప్పుడు ఈ ఖర్చు ఎందుకని ఇంటిపన్ను చెల్లించేవారు అడుగుతారు. ఆ ప్రశ్నను తోసిపుచ్చరాదు.

2009 డిసెంబరు చలిలో ఢిల్లీలోని పూసా రోడ్డు వద్ద ఒక నైట్ షెల్టర్‌ను తొలగించారు. మరుసటి నెలలోనే సుప్రీంకోర్టు జోక్యం చేసుకొన్నది. 2013లో ఆరంభమైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్, పట్టణాలలో లక్ష జనాభాకు కనీసం 100 మందికి శాశ్వత వసతి ఉండాలని నిర్దేశించింది. అయితే 2025 ఫిబ్రవరిలో, నిరాశ్రయుల వ్యాజ్యంలోనే, ఉచితాల వలన జనం పనికి విముఖులవుతున్నారని అదే న్యాయస్థానంలో వ్యాఖ్య వినవచ్చింది.

2011 జనగణన ప్రకారం పట్టణాలలో ఇల్లు లేనివారు సుమారు 9.38 లక్షలు. వీరిలో పని వెతుక్కొంటూ ఊరు విడిచి వచ్చినవారు, కూలి దొరికినా అద్దెకు చాలనివారు ఎందరో. వారు సబ్బుబిళ్ళ కొన్నా ధరలో జీఎస్టీ ఉంటుంది. కనుక పన్నుదారులు వేరు, నిరాశ్రయులు వేరు అనడం పొరపాటు. పైగా వసతి అంటే చాప, దుప్పటి మాత్రమే కాదు. గుర్తింపు పత్రాలు, రేషన్ కార్డు వంటివి పొందడానికి తోడ్పడటం కూడా ఆ పథకంలో భాగంగా ఉండేది.

ఇక ఖర్చు సంగతి: తమ నగరంలో ఎన్ని పడకలున్నవి, ఎన్ని నిండుతున్నవి, ఎంత వ్యయమైనదని సమాచార హక్కు చట్టం, 2005 కింద ఏ పౌరుడైనా పురపాలక సంస్థను అడుగవచ్చును.