నీట్ తప్పినచో జీవశాస్త్రము వ్యర్థమా?

నీట్‌లో సీటు రాని బిడ్డకు జీవశాస్త్రమున వేఱు దారి లేదను భ్రమచేత, ఇంటరు ముగిసినవారిని ఒక లాంగ్‌టర్మ్ కోచింగునకు, అదియు ఫలింపనిచో మరియొకదానికి పంపి, వారి యౌవనమును, మనశ్శాంతిని, తమ కష్టార్జితమును ఏకకాలమున వ్యయపఱచుచున్న తల్లిదండ్రులను చూచునప్పుడెల్ల నాకు మిక్కిలి ఆవేదన కలుగును. హృద్రోగమునకు మూలమైన ధమనుల వ్యాధిని శోధించుటకు ఎం.బి.బి.యస్. పట్టమే అక్కఱలేదు. ఆ వ్యాధిలో రక్తనాళపు కండరకణములు విపరీతముగా పెరుగుటను గూర్చి మనకు తెలిపిన సియాటిల్ శాస్త్రజ్ఞుడు రస్సెల్ రాస్ మొదట చదివినది దంతవైద్యము. ఆయన 1971లో గినీపందుల ధమనీకణములను ప్రయోగశాలలో పెంచి, 1974లో సహచరులతో కూడి, ప్లేట్‌లెట్లనుండి వెలువడు పదార్థమొకటి ఆ కణముల వృద్ధిని ప్రేరేపించునని చూపెను.

మానవధమనులతో ఈ పని ఇంకను క్లిష్టము. కంఠధమనినుండి సర్జను తీసివేసిన పూడికను, రోగి సమ్మతితోను ఎథిక్స్ కమిటీ అనుమతితోను తెచ్చి, మిల్లీమీటరు ప్రమాణపు తునుకలుగా కోసి, సీరము కలిపిన పోషకద్రవమున 37 డిగ్రీల వెచ్చదనమున నుంచినచో, వారములు గడచిన పిదపగాని వాని అంచులనుండి కణములు ప్రాకి వెలికిరావు. కొన్నిటినుండి ఎన్నటికిని రావు. నడుమ బూజు సోకెనా, సర్వము పారవేయవలసినదే. వచ్చిన కణములైనను ఆరోగ్యధమనుల కణములకంటె త్వరగా ముదిసి విభజన మానును. పూడికపైని పొర బలహీనమై పగులుటకు ఇదియు నొక హేతువని తెలిసినది ఇట్టి ఓర్పువలననే.

ఇట్టి పరిశోధనలో చేరుటకు అర్హత: బి.యస్సీ. జీవశాస్త్రము, ఎమ్మెస్సీ, ఆపై నెట్ పరీక్ష.

ఇక హెచ్చరిక. ఇట్లు కణములను పెంచు విద్యను నేర్పుదుమని, స్టెమ్‌సెల్ సర్టిఫికెట్టు కోర్సులని ప్రకటించి లక్షలు గుంజు సంస్థలు పెక్కు వెలసినవి. అచట చేరుటకు ముందు ఒక్క ప్రశ్న అడుగుడు: మా అమ్మాయి స్వహస్తములతో లామినార్ ఫ్లో (వడగట్టిన గాలి వీచు శుద్ధపేటిక) ఎదుట కూర్చుండి ఎన్ని మాఱులు కణములను ఒక ఫ్లాస్కునుండి వేఱొకదానికి మార్చును? అద్దమునకీవలనుండి చూపించుటయే శిక్షణయైనచో ఒక్క రూపాయియు చెల్లింపవలదు. మేనేజ్‌మెంటు కోటాలో కొనిన బయోటెక్నాలజీ బి.టెక్.కంటె, శ్రద్ధగల అధ్యాపకుడున్న ప్రభుత్వకళాశాలలోని బి.యస్సీ.యే నాకు మేలనిపించును. ఆపై హైదరాబాదు విశ్వవిద్యాలయమువంటి చోట ఎమ్మెస్సీ ముగించి నెట్‌లో జె.ఆర్.ఎఫ్. (పరిశోధకవేతనము) సాధించినవారికి 2023 జనవరి నుండి నెలకు 37,000 రూపాయల వేతనము కలదు గనుక పిహెచ్.డి. చదువు తలిదండ్రులకు భారము కాదు. అయితే ఇరువదిరెండవ యేటనే కొడుకు సంపాదింపవలెనని పట్టుబట్టు ఇంటివారు ఈ దారిలోనికి పిల్లలను నెట్టకుందురు గాక. ఇది అయిదాఱేండ్ల పరిశోధన, స్థిరమైన ఉద్యోగము ఆ తరువాతి మాట.