పొలము మనదే, కాగితము ఎవరి పేర?

పాఠ్యభాగము: యిర్మీయా 32:6-15



యిర్మీయా అనాతోతు పొలమును 17 తులముల వెండికి కొన్నాడు. సాక్షుల యెదుట వెండి తూచి, ముద్ర వేసిన పత్రమును ముద్ర లేని పత్రమును మంటికుండలో భద్రము చేయించాడు. పట్టణము ముట్టడిలో నున్న దినములవి. అయినను పత్రము విషయమై అశ్రద్ధ చేయలేదు.

మనలో అనేకులము నాగరగెరె, బాగేపల్లి, చింతామణి ప్రాంతములు విడిచి వచ్చినవారము. ఊరిలో ఎకరమో అరయెకరమో యున్నది. "అది మనదేనని ఊరంతా ఎరుగుదురు" అందుము. నేనును అట్లే అనుకొంటిని. మా తండ్రిగారు 2 ఎకరముల 10 గుంటలు కొని రిజిస్టరు చేయించిరి గాని ఖాతా మార్పించలేదు. ఆయన గతించిన తరువాత పహాణీ తీయగా అమ్మినవారి తాత పేరే యున్నది! వారి మనుమడు ఆ పహాణీ చూపి మరియొకరి యొద్ద బయానా పుచ్చుకొనెను. మా నాన్నగారి క్రయపత్రము మా అమ్మ పెట్టెలో దొరికినది గనుక బ్రతికితిమి.

పహాణీలో పేరుంటే చాలునా? చాలదు. 1964 కర్ణాటక భూకందాయ చట్టము ప్రకారము అందలి నమోదు, తప్పని రుజువగు వరకే నిజమని ఎంచబడును. రిజిస్ట్రేషను కార్యాలయము కూడ పత్రమును నమోదు చేయునే గాని అమ్మువానికి హక్కున్నదని పూచీపడదు. కాబట్టి ఆ భూమి ఎవరినుండి ఎవరికి వచ్చెనో మూలపత్రము మొదలుకొని గొలుసువలె చూడవలెను. ఒక కొలికి తెగినచో అక్కడే వ్యాజ్యము. కనీసము 30 ఏండ్ల ఇ.సి. తీయుడి. అయితే రిజిస్టరు కాని భాగపంపకములు, వారసత్వము ఇ.సి.లో కనబడవు. అందుకే మ్యుటేషను నకళ్లు, పాత చేతివ్రాత పహాణీలు కూడ తాలూకా కార్యాలయములో అడుగవలెను. 2007కు ముందటి పత్రములలో కోలారు జిల్లా అని యుండును, కలవరపడవద్దు. నాగరగెరెవారు గౌరిబిదనూరుకు వెళ్లవలెను.

పెద్దలు గతించినచో పౌతి ఖాతా వెంటనే చేయించుడి. అక్కచెల్లెండ్ర పేర్లు దాచకుడి, తరువాత వచ్చు తగవులలో సగము అక్కడివే. జనరల్ పవర్ మీద మాత్రమే కొన్నది యాజమాన్యము కాదని సుప్రీంకోర్టు 2011లో తీర్పిచ్చినది.

ఇంకొక మాట, ఇది మనవారిలో కొందరికి మరీ ముఖ్యము. షెడ్యూల్డు కులములకు, తెగలకు ప్రభుత్వమిచ్చిన దరఖాస్తు భూమిని 1978 చట్టము ప్రకారము ప్రభుత్వ అనుమతి లేనిదే అమ్మరాదు, కొనరాదు. రిజిస్టరైనను ఆ క్రయము చెల్లదు. కొనువారు సాగువళి చీటి చూడక డబ్బియ్యవద్దు. అమ్ముకొని దిగులుపడుచున్నవారు తాతగారి చీటి వెదకి న్యాయవాదికి చూపుడి.

అభ్యాసము: మీ పొలము సర్వే నంబరు ఎంత? ఖాతా ఎవరి పేర నున్నది? మూలపత్రము ఎవరి పెట్టెలో నున్నది? వ్రాసి, మీ పిల్లలకు చదివి వినిపించుడి.