ఆరోపించినవారే తీర్పరులైతే
(అమెరికా ఫుట్‌బాల్ లీగులో శిక్షాధికారం: ఒక పరిశీలన)

ఉపోద్ఘాతం

ఆట ఉన్నచోట నియమం ఉంటుంది. నియమం ఉన్నచోట దానిని మీరేవాడు కూడా ఉంటాడు. కనుక శిక్షించే అధికారం ఏదో ఒక రూపంలో ప్రతి ఆటకూ అవసరమే. మైదానంలో రిఫరీ ఈల వేసి విధించే శిక్షను గురించి ఎవరికీ పెద్దగా అభ్యంతరం ఉండదు. అది అందరి కళ్ళ ఎదుట అప్పటికప్పుడు జరిగేది. కాని ఆట ముగిసిన పిమ్మట, మూసిన తలుపుల వెనుక, ఒక ఆటగాని జీవనోపాధిని వారాల తరబడి నిలిపివేసే అధికారం సంగతి వేరు. అట్టి అధికారం ఎవరి చేతిలో ఉండాలి? దానిపై అప్పీలును ఎవరు వినాలి? ఈ రెండు ప్రశ్నలను అమెరికాలోని నేషనల్ ఫుట్‌బాల్ లీగు అనుభవం ఆధారంగా ఈ వ్యాసంలో పరిశీలించదలచాము.

మన విద్యార్థులకు ఫుట్‌బాల్ అనగానే కాలితో తన్నే గుండ్రని బంతి స్ఫురిస్తుంది. అమెరికావారు ఆ పేరుతో పిలుచుకొనే ఆట వేరు. అందులోని బంతి రెండు కొసల మొనదేలి ఉంటుంది. దానిని చేతితో విసురుతారు, చంకన పెట్టుకొని పరుగెత్తుతారు. 1920లో ఒహాయో రాష్ట్రంలోని కాంటన్ పట్టణంలో పుట్టిన ఈ లీగు 1922లో ఇప్పటి పేరు ధరించింది. నేడు ఇందులో 32 జట్లు ఉన్నాయి. జట్ల యజమానులు కలిసి ఒక కమిషనర్‌ను ఎన్నుకొంటారు. ఆయనకు జీతం ఏర్పాటు చేసేదీ వారే. ఈ వ్యాసంలో తరచుగా కనిపించే రోజర్ గుడెల్ 2006లో ఆ పదవికి వచ్చారు.

అధికారం పుట్టుక

ఈ అధికారానికి మూలం ఫుట్‌బాల్‌లో లేదు, బేస్‌బాల్‌లో ఉన్నది. 1919లో షికాగో జట్టు ఆటగాళ్ళు కొందరు జూదరుల వద్ద డబ్బు తీసుకొని అంతిమ పోటీలను కావాలని ఓడిపోయారన్న అపవాదు దేశాన్ని కుదిపివేసింది. ప్రేక్షకుల నమ్మకం పోతే వ్యాపారమే పోతుందని భయపడిన యజమానులు 1920లో కెనెసా మౌంటెన్ లాండిస్ అనే న్యాయమూర్తిని కమిషనర్‌గా నియమించి, ఆట మేలు కోరి ఏ చర్య అయినా తీసుకొనే అధికారం అప్పగించారు. 1921 ఆగస్టులో న్యాయస్థానం ఆ ఆటగాళ్ళను నిర్దోషులుగా విడిచిపెట్టింది. ఆ మరునాడే లాండిస్ ఎనిమిది మందిని ఆట నుండి శాశ్వతంగా బహిష్కరించారు.

న్యాయస్థానం వదలినవానిని సైతం లీగు శిక్షించవచ్చునన్న భావం ఆ విధంగా స్థిరపడింది. ఫుట్‌బాల్ లీగు కూడ ఇదే దారి పట్టింది. 1963లో నాటి కమిషనర్ పీట్ రోజెల్, పందాలు కాచినందుకు పాల్ హార్నంగ్, అలెక్స్ కారస్ అనే ఇద్దరు ప్రసిద్ధ ఆటగాళ్ళను నిరవధికంగా నిషేధించి, 1964లో తిరిగి అనుమతించారు.

కాలక్రమాన ఈ అధికారం యజమానులకు, ఆటగాళ్ళ సంఘానికి మధ్య జరిగే సామూహిక ఒప్పందంలో చేరింది. 2011 నాటి ఒప్పందంలోని 46వ అధికరణం ఇందులో ముఖ్యమైనది. ఆట సమగ్రతకు గాని, దానిపై ప్రజలకు గల విశ్వాసానికి గాని హాని కలిగించే ప్రవర్తనను కమిషనర్ శిక్షించవచ్చును. శిక్ష పొందినవాడు అప్పీలు చేసుకోవచ్చును. ఆ అప్పీలును తన ఇష్టానుసారం కమిషనర్ తానే వినవచ్చును! తా పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నవాని వద్దకే పోయి, నాలుగవ కాలు చూపుమని అడగవలసి రావటం వంటిది ఇది.

సహజ న్యాయ సూత్రాలు

న్యాయశాస్త్రంలో సహజ న్యాయం అనే మాట కలదు. దానికి రెండు పాదాలు. ఎవ్వరూ తన వ్యాజ్యంలో తానే తీర్పరి కారాదన్నది మొదటిది. ఎదుటివాని మాట వినకుండా శిక్షించరాదన్నది రెండవది. ఇవి ఏ ఒక్క దేశానికీ చెందిన సొత్తు కావు. ఇస్లామీయ సంప్రదాయ గాథలలో హజ్రత్ అలీ ఖలీఫాగా ఉండి కూడ తన పోయిన కవచం కొరకు ఖాజీ షురైహ్ ముందు సామాన్య వాదిగా నిలిచారని, కుమారుని సాక్ష్యం తండ్రికి చెల్లదని ఖాజీ త్రోసిపుచ్చగా ఆ తీర్పుకు తలవంచారని చెబుతారు. కవచం ఆయనదే. అయినను ఆ మాట తేల్చవలసినది ఆయన కాదు. ఈ సూత్రంలోని సారమంతా ఆ ఒక్క ఘట్టంలో ఉన్నది.

మూడు కేసులు

సూత్రాన్ని చెప్పటం తేలిక. అది ఆచరణలో ఎట్లు పరీక్షకు నిలిచినదో చూడటానికి మూడు కేసులను తీసుకొందాము.

మొదటిది 2012 నాటిది. న్యూ ఆర్లియన్స్ జట్టులో 2009 నుండి 2011 వరకు ప్రత్యర్థులను దెబ్బ తీసినవారికి రహస్యంగా డబ్బు ముట్టజెప్పే పద్ధతి నడిచిందని లీగు ఆరోపించింది. శిక్షకుడు షాన్ పేటన్‌ను ఏడాది పాటు నిషేధించటమే గాక నలుగురు ఆటగాళ్ళపై కూడ సస్పెన్షన్లు విధించింది. వివాదం ముదరగా గుడెల్ తాను తప్పుకొని, తనకు ముందు కమిషనర్‌గా పనిచేసిన పాల్ టాగ్లియాబ్యూకు అప్పీలును అప్పగించారు. ఆయన జరిగిన తప్పును కాదనలేదు. కాని బాధ్యత అధిక భాగం శిక్షకులది, జట్టు యాజమాన్యానిది అని భావించి, 2012 డిసెంబరులో నలుగురి సస్పెన్షన్లను రద్దు చేశారు.

రెండవది 2014 నాటి రే రైస్ కేసు. తాను పెండ్లాడబోయే యువతిని ఈయన ఒక హోటలు లిఫ్టులో కొట్టి స్పృహ తప్పించాడు. లీగు మొదట రెండు ఆటల సస్పెన్షన్‌తో సరిపెట్టింది. సెప్టెంబరులో ఆ దృశ్యం వీడియోగా బయటపడి ప్రజలు ఆగ్రహించగా, అదే నేరానికి నిరవధిక నిషేధం విధించింది. ఇరు పక్షాలు అంగీకరించిన తటస్థ మధ్యవర్తి, మాజీ న్యాయమూర్తి బార్బరా జోన్స్ విచారణ జరిపారు. రైస్ లీగును మోసపుచ్చలేదని, ఒకే తప్పుకు రెండుసార్లు శిక్షించటం తగదని తేల్చి నవంబరులో నిషేధాన్ని కొట్టివేశారు.

ఇక్కడ పాఠకులు ఒక విషయం గమనించవలెను. రైస్ చేసినది ఘోరమైన పని. దానికి రెండు ఆటల శిక్ష చాలదని మేమూ భావిస్తున్నాము. మొదటనే సక్రమమైన విచారణ జరిగి, తగిన శిక్ష పడి ఉంటే అది నిలిచేది. విధానం లోపభూయిష్టమైనపుడు నిర్దోషికి మాత్రమే హాని అని మనం అనుకొంటాము. నిజానికి దెబ్బలు తిన్న ఆ స్త్రీకి కూడ అది అన్యాయమే చేసింది.

మూడవది టామ్ బ్రేడీ కేసు. 2015 జనవరి 18న జరిగిన పోటీలో న్యూ ఇంగ్లండ్ జట్టు ఇండియానాపోలిస్‌పై 45–7 తేడాతో గెలిచింది. నియమం ప్రకారం బంతిలో గాలి పీడనం చదరపు అంగుళానికి 12.5 నుండి 13.5 పౌన్లు ఉండాలి. విరామ సమయంలో కొలిచినపుడు న్యూ ఇంగ్లండ్ వారి బంతులలో అది తక్కువగా కనిపించింది. భౌతికశాస్త్రం చదివిన విద్యార్థులకు ఒక సంగతి వెంటనే తోస్తుంది: వెచ్చని గదిలో నింపిన బంతిని చలి మైదానంలోకి తెస్తే పీడనం దానంతట అదే తగ్గుతుంది. గది 21 డిగ్రీలు, మైదానం 9 డిగ్రీలు అనుకొంటే 12.5 పౌన్ల బంతిలో పౌనుకు పైగా తగ్గుదల వస్తుంది. పైగా కొలిచిన రెండు పరికరాలు ఒకే విలువ చూపలేదు. ఎదుటి జట్టు బంతులలో నాలుగింటినే కొలిచారు. లీగు నియమించిన పరిశోధకులు తమ 243 పుటల నివేదికలో చలి కొంత కారణమే గాని పూర్తి కారణం కాదన్నారు. సిబ్బంది గాలి తీసి ఉండే అవకాశమే ఎక్కువ అని, ఆ సంగతి బ్రేడీకి స్థూలంగా తెలిసి ఉండవచ్చునని నిర్ణయించారు. లీగు నాలుగు ఆటల సస్పెన్షన్ విధించింది. బ్రేడీ అప్పీలు చేశారు. విన్నవారు గుడెల్, సమర్థించినవారు గుడెల్. బ్రేడీ తన సెల్‌ఫోనును నాశనం చేయించిన విషయం అప్పీలు తీర్పులో ప్రధాన కారణాలలో ఒకటిగా చోటు చేసుకొన్నది.

2015 సెప్టెంబరులో న్యాయమూర్తి రిచర్డ్ బెర్మన్ ఈ శిక్షను రద్దు చేశారు. ఇతరుల తప్పు స్థూలంగా తెలిసి ఉండటానికి సస్పెన్షన్ పడుతుందని ముందుగా హెచ్చరిక లేదని, పరిశోధన పత్రాలను ఆటగానికి చూపలేదని, నివేదికతో సంబంధమున్న లీగు న్యాయాధికారిని ప్రశ్నించనీయలేదని ఆయన ఆక్షేపణలు. కాని 2016 ఏప్రిల్‌లో అప్పీలు న్యాయస్థానం ఇద్దరు ఒకరుగా చీలి ఆ తీర్పును తిరగవేసింది. ఆటగాళ్ళ సంఘమే ఒప్పందంపై సంతకం చేసి కమిషనర్‌కు ఈ అధికారమిచ్చినపుడు న్యాయస్థానం అడ్డుపడరాదన్నది అధిక సంఖ్యాకుల అభిప్రాయం. అప్పీలు దశలో శిక్షకు ఆధారం మారిపోయిందని మూడవ న్యాయమూర్తి రాబర్ట్ కాట్స్‌మన్ విభేదించారు. బ్రేడీ 2016లో తొలి నాలుగు ఆటలకు దూరమయ్యారు.

సంతకం చేస్తే చాలునా?

లీగు పక్షాన చెప్పదగిన మాటలు లేకపోలేదు. న్యాయస్థానాలు నెమ్మదిగా నడుస్తాయి, ఆట కాలం కొన్ని నెలలే. క్రిమినల్ కేసులో సందేహాతీతమైన రుజువు కావాలి, ఉద్యోగ క్రమశిక్షణకు అంత అవసరం లేదు. పేరు గల ఆటగాని ఎదుట నోరు విప్పలేని బాధితురాలికి లీగు శిక్షయే ఏకైక ఊరట కావచ్చును. వీటన్నిటినీ మేము అంగీకరిస్తాము. కాని ఇవన్నీ శిక్షించే అధికారం ఉండాలని చెప్పే కారణాలే. అప్పీలును సైతం అదే మనిషి వినాలని వీటిలో ఒక్కటీ చెప్పదు.

మిగిలినది ఒప్పందం మాట. సంఘం ఎందుకు ఒప్పుకొన్నది? బేరసారాలలో ప్రతిదానికీ ఒక వెల ఉంటుంది. జీతం పెంపు అందరికీ అందుతుంది; శిక్ష ఏ ఒక్కరి మీదనో పడుతుంది. ఆ ఒక్కరు తామే అవుతామని ముందుగా ఎవరూ అనుకోరు. కనుక సంతకం చట్టబద్ధత నీయగలదు గాని, న్యాయబద్ధత నీయజాలదు.

ఈ విషయంలో మన దేశపు న్యాయస్థానాల దారి కొంత భిన్నం. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక కేసే ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. కృష్ణా జిల్లాలో ప్రైవేటు బస్సు మార్గాలను రోడ్డు రవాణా సంస్థకు అప్పగించే పథకంపై వచ్చిన అభ్యంతరాలను రవాణా బాధ్యతలు చూచే కార్యదర్శి విన్నారు. ఉత్తర్వు ముఖ్యమంత్రి ఇచ్చారు. గుల్లపల్లి నాగేశ్వరరావు కేసుగా పేరొందిన ఆ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1958లో ఉత్తర్వును కొట్టివేసింది. వివాదంలో పక్షమైన శాఖ అధిపతియే విచారించటం, ఒకరు విని మరొకరు నిర్ణయించటం, రెండూ తప్పేనన్నది. పిదప ముఖ్యమంత్రి తానే వినగా, 1959లో ఆ పక్షపాత వాదనను కోర్టు అంగీకరించలేదు. అనగా మన న్యాయస్థానాలు కూడ ప్రతి అనుమానాన్నీ పక్షపాతంగా లెక్కించవు. అయితే 2024లో రాజ్యాంగ ధర్మాసనం మరొక అడుగు వేసింది. ప్రభుత్వ సంస్థ తన కాంట్రాక్టులో ఏకైక మధ్యవర్తిని తానే నియమించుకొనే షరతు సమానత్వ సూత్రానికి విరుద్ధమన్నది. కాంట్రాక్టుపై సంతకం ఉన్నదన్న సమాధానం అక్కడ చాలలేదు.

సగం సంస్కరణ

2020 నాటి కొత్త ఒప్పందాన్ని ఆటగాళ్ళు 1,019 – 959 ఓట్ల స్వల్ప తేడాతో ఆమోదించారు. అందులో ఒక మంచి మార్పు వచ్చింది. వ్యక్తిగత ప్రవర్తన కేసులను లీగు, సంఘం కలిసి నియమించే అధికారి మొదట విచారించాలి. ఆ అధికారి తప్పు లేదంటే అంతటితో సరి. తప్పు ఉన్నదంటే మాత్రం శిక్షపై అప్పీలు మరల కమిషనర్ వద్దకో, ఆయన నియమించినవారి వద్దకో పోతుంది.

దీని పర్యవసానం 2022లో తెలిసింది. పలువురు స్త్రీలు లైంగిక దుష్ప్రవర్తన ఆరోపించిన డెషాన్ వాట్సన్ కేసులో మాజీ న్యాయమూర్తి సూ రాబిన్సన్ నియమోల్లంఘన జరిగినదని నిర్ధారించి, ఆరు ఆటల సస్పెన్షన్ విధించారు. ముందు హెచ్చరిక లేకుండా శిక్షల స్థాయిని హఠాత్తుగా పెంచరాదన్నది ఆమె వాదం. శిక్ష చాలదని లీగు అప్పీలు చేసింది. ఆ అప్పీలు వినటానికి పీటర్ హార్వీని ఎంపిక చేసినవారు గుడెల్. తీర్పు రాక ముందే ఇరు పక్షాలు 11 ఆటలకు, 50 లక్షల డాలర్ల జరిమానాకు రాజీపడ్డాయి. ఆ శిక్ష తగినదే కావచ్చును. కాని అప్పీలు చేసిన పక్షమే న్యాయనిర్ణేతను ఎన్నుకొన్నపుడు, రెండవ పక్షం రాజీకి ఎందుకు వచ్చినదో ఊహించటం కష్టం కాదు.

అసాధ్యమైన దానిని మేము కోరుటలేదు. అమెరికాలోనే బేస్‌బాల్‌లో 1970 నుండి ఆటగాళ్ళ ఫిర్యాదులను తటస్థ మధ్యవర్తి వినే పద్ధతి కలదు. 2014లో అలెక్స్ రోడ్రిగెజ్‌కు విధించిన 211 ఆటల నిషేధాన్ని అట్టి మధ్యవర్తి 162కు తగ్గించాడు. ఆ సంవత్సరమంతా ఆయన ఆడలేదు. శిక్ష నిలిచింది, దానికి విశ్వసనీయత కూడ దక్కింది.

ఉపసంహారం

పై చర్చ నుండి మూడు అంశాలు తేలుతున్నవి. శిక్షను ముందుగా ప్రకటించిన నియమం ప్రకారమే విధించాలి. ఆరోపణకు ఆధారమైన పత్రాలు నిందితునికి చూపాలి. అప్పీలు వినేవారిని ఇరు పక్షాలు కలిసి ఎన్నుకోవాలి. మొదటి రెండూ ఉండి మూడవది లేకపోతే, కంచె ఉండి కాపలా లేనట్లే.

ఇది దూరదేశపు ఆటగాళ్ళ గొడవ అని విద్యార్థులు అనుకోరాదు. పరీక్ష హాలులో ఒక చీటీ దొరికినదని నివేదిక వ్రాసేది మేమే. ఆ విద్యార్థి సంజాయిషీని వినే కమిటీలో కూడ మేమే కూర్చుంటే, మా నిర్ణయం ఎంత సరియైనదైనా అతడు దానిని నమ్మడు. నమ్మవలెనని అడిగే హక్కు మాకు ఉండదు. శిక్షించే చేతికి బలం కమిషనర్ పదవిలోనో, అధ్యాపకుని కుర్చీలోనో లేదు. శిక్ష పడినవాడు సైతం, నా మాట విన్నారని, విన్నవారికి నాపై కక్ష లేదని ఒప్పుకోగలగటంలో ఉన్నది.